26 పాయె, 29 వచ్చె... మధ్యల 27.5 ఏమాయె?

ఉప్పల్ నుంచి నాచారం దాకా ఏ సైకిల్ షాపు ముందు ఆగినా హ్యాండిల్‌కి వేలాడే ట్యాగు మీద ఓ అంకె ఉంటుంది. 26టి, 27.5టి, 29టి. ఇక్కడ ‘టి’ అంటే టైరు. అదే సైకిల్ వెనక చక్రం దగ్గర గేర్ల పళ్లచక్రం మీద 28టి అని కనిపిస్తే, అక్కడ ‘టి’ అంటే టీత్, అంటే పళ్లు. ఒకటే అక్షరం, రెండు అర్థాలు.

జేబులో పదిహేను, ఇరవై వేలు పెట్టుకుని మొదటిసారి గేర్ సైకిల్ కొందామని వెళ్లినవాళ్లకి తికమక ఇక్కడే మొదలవుతుంది. షాపతను 29 చూపిస్తాడు. ‘ఇప్పుడంతా ఇదే నడుస్తోంది బ్రో’ అంటాడు. యూట్యూబ్‌లో ఇంకొకాయన 27.5 కొంటే రెండు విధాలా లాభం అంటాడు. ఇంట్లో చూస్తే అన్నయ్య వదిలేసిన పాత 26 బాల్కనీలో బట్టలు ఆరేసే దండెంలా పడి ఉంటుంది. దానికి కొత్త టైర్లు వేయిస్తే సరిపోదా అని నాన్న అడుగుతారు. ఈ ముగ్గురిలో నా మార్కులు ఎక్కువ పడేది నాన్నకే. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి, కాస్త దూరంగా వెళ్లాలి.

మన దగ్గర సైకిల్ అంటే మొదట్నుంచీ అంకెల్లోనే మాట. తాతల కాలంలో ‘ఇరవై రెండు సైకిల్’, ‘ఇరవై నాలుగు సైకిల్’ అనేవాళ్లు. అది చక్రం కొలత కాదు, ఫ్రేము ఎత్తు. కింద తిరిగే చక్రం మాత్రం దాదాపు అన్నిటికీ 28 అంగుళాలే. మనిషి పొట్టయితే ఇరవై రెండు, పొడుగైతే ఇరవై నాలుగు. పిల్లల సైకిళ్లు పెరిగాక ఆ అంకె ఫ్రేము మీంచి చక్రం మీదికి దిగింది. బుడ్డోడికి 14, బడికెళ్లే వయసుకి 16, ఆ తర్వాత 20, 24, టెన్త్‌కొచ్చేసరికి 26. దాంతో ‘చక్రం పెద్దదైతే మనిషి పెద్దవాడు’ అన్న లెక్క బుర్రల్లో పాతుకుపోయింది. 29 అంటే ఆరడుగుల వాళ్లకి, 26 అంటే స్కూలు పిల్లలకి అనుకుంటాం. పెద్దవాళ్ల సైకిల్ విషయంలో ఇది తప్పు. మీ ఎత్తుకి సరిపోవాల్సింది ఫ్రేము. చక్రం సంగతి వేరే కథ.

కొండ దిగిన లెక్క

26 అంగుళాలనే కొలతని ఏ ఇంజినీరూ కూర్చుని తేల్చలేదు. 1933లో అమెరికాలో ష్విన్ కంపెనీ పిల్లలు ఎలా వాడినా తట్టుకునే లావుపాటి బెలూన్ టైరు సైకిల్ తెచ్చింది. దాని చక్రం 26. నలభై ఏళ్లు గడిచాక కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లకి మౌంట్ టమల్‌పైస్ కొండ మట్టిదారుల్లో దూసుకుపోయే పిచ్చి పట్టింది. చవగ్గా దొరికి, విరక్కుండా నిలబడే సైకిల్ కావాలి. వెతికితే పాత సామాన్లలో దొరికినవి ఆ ష్విన్‌లే. 1976 అక్టోబరులో ఓ నిట్టనిలువు దిగుడు మీద పోటీలు మొదలుపెట్టారు. కిందికి చేరేసరికి బ్రేకు వేడికి వెనక హబ్‌లోని గ్రీజంతా కాలి పొగైపోయేది. మళ్లీ గ్రీజు నింపాలి, అంటే రీప్యాక్ చేయాలి. ఆ దారికి, ఆ పోటీకి ‘రీప్యాక్’ అన్న పేరే నిలిచిపోయింది.

ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో కొండ కోసమే ఫ్రేము కట్టాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి 1979లో ‘మౌంటెన్‌బైక్స్’ అన్న పేరుతోనే కంపెనీ పెట్టారు. వాళ్లకి ఫ్రేములు కట్టిచ్చింది టామ్ రిచీ. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘స్టంప్‌జంపర్’ని ఫ్యాక్టరీలో వరసపెట్టి తయారు చేయించడంతో ఈ సరదా షాపుల దాకా వచ్చింది. అన్నిటికీ చక్రం 26. కారణం ఒక్కటే. లావు టైరు దొరికేది ఆ సైజులోనే.

ఇందులో ఓ పిట్టకథ ఉంది. వాళ్లు ఇంకాస్త పెద్ద చక్రాలూ ప్రయత్నించారు. ఫిన్లాండ్‌లో నోకియా.. అవును, మన ఇళ్లలో ఒకప్పుడు మోగిన ఫోన్ల నోకియానే.. అప్పట్లో మంచు మీద తిరిగే సైకిల్ టైర్లు చేసేది. ఆ టైర్లు పట్టుకొచ్చి చూశారు, నచ్చాయి. కానీ అవి అవసరమైనన్ని అందలేదు. టైరే దొరక్కపోతే సైకిలెలా అమ్ముతారు? ఆ టైర్లు పుష్కలంగా దొరికి ఉంటే మన పాత సైకిళ్ల మీద ఇంకో అంకె ఉండేదేమో. ఈ ముచ్చట గుర్తు పెట్టుకోండి. చక్రం సైజు ఏది బతకాలో, ఏది పోవాలో తేల్చేది చాలాసార్లు టైరు సప్లై. నాచారం గల్లీలోనూ అదే రూలు.

అంగుళాల మాయ

ముందుకెళ్లే ముందు ఓ చిన్న లెక్క. ట్యాగు మీది అంగుళాలు ఊరికే పిలుపు పేర్లు. అసలు కొలత మిల్లీమీటర్లలో టైరు పక్కగోడ మీద ఉంటుంది. 54-559 అని కనిపిస్తే 54 టైరు వెడల్పు. 559 అంటే రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట అడ్డకొలత. మౌంటెన్ బైక్ 26 అంటే 559. 27.5 అంటే 584. 29 అంటే 622.

ఇప్పుడు తీసివేతలు చేయండి. 26కీ 27.5కీ తేడా 25 మిల్లీమీటర్లు. 27.5కీ 29కీ తేడా 38. అంటే ‘సరిగ్గా మధ్యలో ఉన్నది’ అని అమ్మిన 27.5 నిజానికి మధ్యలో లేదు. పాత 26కే దగ్గర చుట్టం. పైగా అది కొత్తదీ కాదు. ఫ్రాన్స్‌లో టూరింగ్ సైకిళ్లకి ఎప్పట్నుంచో వాడిన 650బీ అనే కొలతకే పెట్టిన కొత్త పేరు. 29 కూడా అంతే. రోడ్డు సైకిళ్లకి వాడే 700సీ రిమ్ము ఉంది చూశారూ, దాని కొలతా 622నే. దానికి లావు టైరు తొడిగితే బయటి కొలత సుమారు 29 అంగుళాలు వచ్చింది, ఆ పేరు పెట్టారు. పాత రిమ్ములు, కొత్త ట్యాగులు!

ఒక్క సెకను

29కి తొలి మంచి టైరు 1999లో వచ్చింది. డబ్ల్యూటీబీ కంపెనీ తెచ్చిన ‘నానోరాప్టర్’. ఆ తర్వాత 2000ల మొదట్లో గ్యారీ ఫిషర్ పేరు మీద 29 చక్రాల సైకిళ్లు మార్కెట్లోకి దిగాయి. మొదట్లో అంతా నవ్వారు. చక్రాలు మరీ పెద్దవి, మలుపు తిరగవు, సర్కస్ సైకిల్‌లా ఉందన్నారు. తొక్కి చూసినవాళ్లు మాత్రం రాళ్ల మీద ఇది ఆగట్లేదని గమనించారు. పదేళ్లలో క్రాస్‌కంట్రీ పోటీల్లో 29 మామూలైపోయింది.

ఈలోగా అమెరికాలో కర్క్ పసెంటి అనే ఫ్రేముల తయారీదారు 2007లో 650బీకి కొండ టైరు చేయించాడు. చిన్న గుంపు మాత్రమే పట్టించుకుంది. 2012లో సీన్ మారింది. ఆ ఏడాది మార్చిలో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్స్‌బర్గ్ వరల్డ్‌కప్‌లో స్విట్జర్లాండ్ రైడర్ నీనో షుర్టర్ 27.5 మీద గెలిచేశాడు. ఆగస్టులో లండన్ ఒలింపిక్స్. చివరి మలుపు దాకా షుర్టర్ 27.5 మీద, చెక్ రైడర్ యరోస్లావ్ కుల్హవీ 29 మీద పోటాపోటీ. గంటన్నర రేసు. కుల్హవీ ఒక్క సెకను తేడాతో బంగారం కొట్టాడు.

ఒక్క సెకనుతో ఏ చక్రం గొప్పదో తేలుతుందా? తేలదు. ఆ ఇద్దరూ సైకిళ్లు మార్చుకుని తొక్కినా ఫలితం అటూ ఇటూగా అలాగే ఉండేది. కానీ కంపెనీలకి కావాల్సింది దొరికింది. ఇద్దరూ 26 మీద లేరు!

2013లో ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిల్ తయారీదారుల్లో ఒకటైన తైవాన్ జెయింట్, మరుసటి ఏడాది మోడళ్లని పెద్ద ఎత్తున 27.5కి మార్చేస్తున్నామని ప్రకటించింది. 29 కన్నా తేలిక, 26 కన్నా పట్టు ఎక్కువ అన్నది ప్రచారం. మిగతా కంపెనీలూ బాట పట్టాయి. రెండు మూడేళ్లు తిరిగేసరికి విదేశాల్లో మంచి మౌంటెన్ బైకుల కేటలాగుల్లో 26 దాదాపు మాయం. జనం వద్దన్నందుకు పోలేదది. షాపులో లేనందుకు పోయింది. సస్పెన్షన్ ఫోర్కులు చేసేవాళ్లు, టైర్లు చేసేవాళ్లు కొత్త డిజైన్లన్నీ పెద్ద సైజుల్లోనే దించితే 26 మీద ప్రేమున్న రైడర్ మాత్రం ఏం చేస్తాడు?

కంపెనీలు మోసం చేశాయా అంటే అంత మాట అనలేను. పెద్ద చక్రం రాళ్లు సులభంగా దాటుతుందన్నది నిజం. నిజమైన లాభాన్నే చూపించి, దాని సైజుని పెంచి చెప్పారు. ఫోన్ల కంపెనీ కెమెరా పిక్సెళ్లు లెక్కపెట్టినట్టు.

మరి 27.5 ఏమైంది? మొదట దానికి లావు టైర్లు తొడిగి ‘ప్లస్’ అని 2015 ప్రాంతంలో కొన్నాళ్లు అమ్మారు. 2017లో పొడగరి గ్రెగ్ మినార్ 29 మీద ఫోర్ట్ విలియం డౌన్‌హిల్ వరల్డ్‌కప్ గెలిచాడు. దిగుడు పోటీలకి 29 పనికిరాదన్న మాట అక్కడితో తేలిపోయింది. షుర్టర్ కూడా తర్వాత 29కే మారాడు. 2019లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం రెండు చక్రాలూ ఒకే సైజులో ఉండాలన్న రూలు సడలించింది. దాంతో ముందు 29, వెనక 27.5 పెట్టుకునే ‘మల్లెట్’ ఊపందుకుంది. ముందు పొట్టిగా, వెనక పొడుగ్గా ఉండే జుట్టు కటింగు ఉందిగా, ఆ పేరే. సైకిల్లో చక్రాలు దానికి తిరగేసి ఉన్నా పేరు అంటుకుపోయింది. మొత్తానికి 26ని తరిమిన 27.5 ఇప్పుడు వెనక చక్రంగానూ, పొట్టివాళ్ల ఫ్రేముల్లోనూ బతుకుతోంది. ‘ఒకే ఒక్క కరెక్ట్ సైజు’ అని అమ్మి పుష్కరం అయిందో లేదో! ఇక 2025లో 32 అంగుళాల నమూనాలు బయటికొచ్చాయి. మళ్లీ అదే పాట, కొత్త అంకె.

లూథియానా లెక్క వేరు

ఇదంతా లక్షలు పోసే సైకిళ్ల ప్రపంచం. మన దేశంలో కథ ఇంకోలా నడిచింది. 1956లో లూథియానాలో పుట్టిన హీరో, 1949 నుంచి చెన్నై అంబత్తూరులో టీఐ సైకిల్స్ చేసిన బీఎస్‌ఏ, హెర్క్యులెస్, 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్.. మన వీధుల్ని నింపినవి ఇవే. ‘ఎంటీబీ’ అన్న మాట మనకి కొండతో రాలేదు. లావు టైరు, అడ్డంగా నిటారు హ్యాండిల్, మెరిసే స్టిక్కర్లు.. ఇవి ఉంటే ఎంటీబీ. అన్నిటికీ చక్రం 26. విదేశాల్లో 26 పోయాక కూడా ఇక్కడ దర్జాగా నడిచింది. ఎందుకంటే రిమ్ములు, టైర్లు, ట్యూబులు అన్నీ ఇక్కడే తయారవుతాయి, చవక. హైదరాబాద్‌కి చెందిన హార్టెక్స్ లాంటి టైర్ల కంపెనీలూ ఉన్నాయి.

2005లో ఫైర్‌ఫాక్స్ వచ్చి గేర్ సైకిల్‌ని షోరూముల్లో పెట్టింది. 2015లో దాన్ని హీరో కొనేసింది. డెకాథ్లాన్ రాక్‌రైడర్లు వచ్చాయి. ఆ తర్వాత లాక్‌డౌన్. జిమ్ములు మూత, బస్సులంటే భయం. 2020 మే నుంచి సెప్టెంబరు దాకా ఐదు నెలల్లో దేశంలో సుమారు 41.8 లక్షల సైకిళ్లు అమ్ముడైనట్టు తయారీదారుల సంఘం లెక్క చెప్పింది. విచిత్రం ఏంటంటే ఆ ఏడాదే జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ మూతపడింది. తాతల సైకిల్ వెళ్లిపోతుంటే ‘టి’ల సైకిల్ లోపలికొచ్చింది.

ఆ ఊపులో 27.5, 29 చక్రాలు పది పన్నెండు వేల సైకిళ్లలోకీ దిగాయి. ఇక్కడే నాకు అభ్యంతరం. గేర్లు లేవు, ఫ్రేము బరువైన ఉక్కు, ముందు ఫోర్కు పేరుకే సస్పెన్షను. కానీ చక్రం మాత్రం 29! పెద్ద చక్రం అంటే ఎక్కువ బరువు తిప్పాలి. గేరు లేకుండా దాన్ని ఫ్లైఓవర్ లాంటి ఎక్కుడు మీద తొక్కితే మోకాళ్లే సమాధానం చెప్పాలి. పోటీల్లో 29 గెలిచింది తేలికైన చక్రంతో, పది పన్నెండు గేర్లతో. మనకి వచ్చింది అంకె ఒక్కటే.

మన గుంతల లెక్క

సరే, పోటీలు వదిలేద్దాం. ఉప్పల్‌లో మనకి కొండలు లేవు, గుంతలున్నాయి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. వరంగల్ హైవే మీద బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు రోజూ తిరిగేవాళ్లకి ఆ పిల్లర్ల కింద రోడ్డు ఎలా ఉండేదో ఒకరు చెప్పక్కర్లేదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లారీలు నలిపేసిన గల్లీలు, మల్లాపూర్ వైపు మ్యాన్‌హోల్ మూతలు సరేసరి. నగరానికి అటు చివర నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ పక్కన 2023 అక్టోబరులో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. ఇటు చివర మనకి దుమ్ము. నిజంగా లావు టైరు అవసరం ఎవరికో మీరే చెప్పండి.

‘29 అయితే గుంతలు తెలియవు’ అన్నది షాపుల్లో ఎక్కువగా వినిపించే మాట. నిజమెంతో లెక్కేద్దాం. ఇంటర్ జామెట్రీ చాలు. టైరుతో కలిపి 26 చక్రం వ్యాసార్ధం సుమారు 33 సెంటీమీటర్లు, 29ది 36.5 అనుకుందాం. రోడ్డు మీద 20 సెంటీమీటర్ల వెడల్పు గుంత. దాని రెండు అంచుల మధ్య 26 చక్రం సుమారు 1.55 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 29 చక్రం 1.4. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు! గుంత 40 సెంటీమీటర్లయితే 26 చక్రం 6.75 దిగుతుంది, 29 చక్రం 6 సెంటీమీటర్లు. తేడా ముప్పావు సెంటీమీటరు. అంటే లాభం పది పన్నెండు శాతం. ఉంది, కాదనను. కానీ ‘తెలియవు’ అనేంత లేదు.

గుంత నిజంగా తెలియకుండా చేసేది టైరులోని గాలి. మన దగ్గర గాలి కొట్టేవాళ్లకి బొటనవేలితో నొక్కితే రాయిలా ఉండాలన్నదే కొలత. లావు టైరుని అలా కొట్టిస్తే అది సన్న టైరు కన్నా అధ్వానంగా ఎగురుతుంది. రెండంగుళాల టైరు, అరవై, డెబ్బై కిలోల మనిషి అయితే మంచి రోడ్డు మీద 40-45 పీఎస్ఐ, మట్టిలో, గతుకుల్లో 30-35 చాలు. పక్కగోడ మీద రాసిన కనీసం, గరిష్ఠం దాటకుండా చూసుకోండి. మరీ తగ్గిస్తే గుంత అంచుకి రిమ్ము కొట్టుకుని ట్యూబు రెండు చోట్ల, పాము కాటులా, చిల్లి పడుతుంది. మీటరున్న పంపు ఒకటి ఇంట్లో ఉంటే 26 నుంచి 29కి మారినదానికన్నా ఎక్కువ సుఖం దొరుకుతుంది. ఖర్చు చూస్తే నవ్వొస్తుంది.

29కి ఇంకో లాభం ఉంది, దాని గురించి షాపువాళ్లు అంతగా చెప్పరు. సైక్లోమీటర్ల పట్టికల ప్రకారం 26 x 2.1 టైరు ఒక్క చుట్టు తిరిగితే 2.068 మీటర్లు వెళ్తుంది. 29 x 2.1 అయితే 2.288. ఐదు కిలోమీటర్లు తొక్కారనుకోండి, 26 చక్రం రెండు వందల ముప్పై చుట్లు ఎక్కువ తిరగాలి. అదే పళ్ల గేరులో 29 ఎక్కువ దూరం లాగుతుంది. చదునుగా ఉన్న రోడ్డు మీద హాయి. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగి కదిలే చోట అదే బరువు. ఉప్పల్ భగాయత్ లేఅవుట్ వెడల్పు రోడ్ల మీద పొద్దున్నే రౌండ్లు కొట్టేవాళ్లకి 29 బాగుంటుంది. తార్నాక నుంచి రామంతాపూర్ దాకా ట్రాఫిక్‌లో ఈదేవాళ్లకి చిన్న చక్రమే చురుగ్గా కదులుతుంది.

పేరొకటే, రిమ్ము వేరు

ఇంట్లో పడున్న 26కి టైర్లు వేయిద్దామని బయల్దేరేవాళ్లకి ఓ హెచ్చరిక. 26 అని రాసినవన్నీ ఒకటి కావు. మౌంటెన్ బైక్ టైరు మీద 26 x 1.95 అనో 26 x 2.10 అనో దశాంశంలో ఉంటుంది. అది 559 రిమ్ము. అమ్మాయిల సైకిళ్లకి ఎక్కువగా వచ్చే సన్న టైరు మీద 26 x 1 3/8 అని భిన్నంలో ఉంటుంది. అది 590 రిమ్ము. మూడు సెంటీమీటర్లకి పైగా తేడా. ఒకదాని టైరు ఇంకోదానికి చచ్చినా ఎక్కదు. ఆన్‌లైన్‌లో ‘26 ఇంచ్ టైర్’ అని వెతికి, చవగ్గా కనిపించిందని కొట్టేసి, డెలివరీ అయ్యాక తల పట్టుకునేది ఇక్కడే. ఆర్డర్ పెట్టేముందు పాత టైరు పక్కగోడని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆ మూడంకెల మిల్లీమీటర్లు కలిస్తేనే కొనండి.

ట్యూబుకి మాత్రం అంత పట్టింపు లేదు, రబ్బరు సాగుతుంది. ఘట్‌కేసర్ అవతల ఆదివారం పూట 27.5 పంక్చరై, ఊళ్లో షాపులో 26 లావు ట్యూబు మాత్రమే ఉంటే అదే వేయించుకుని ఇంటికి రండి. వెడల్పు దగ్గర దగ్గరగా ఉంటే పని నడుస్తుంది. 29కి 27.5 ట్యూబు కూడా అలాగే. తర్వాత సరైనది మార్చుకోవచ్చు. వాల్వు బైకుల దానిలా లావుగా ఉంటే పెట్రోల్ బంకులోనూ గాలి కొట్టించొచ్చు. పెన్సిల్ రీఫిల్లులా సన్నగా ఉంటే దానికో చిన్న అడాప్టర్ జేబులో వేసుకోవాలి.

మరి ఏది కొనాలి?

రోజూ కాలేజీకో, పోచారం వైపు ఆఫీసుకో పది పదిహేను కిలోమీటర్లు రోడ్డు మీదే తొక్కేవాళ్లయితే, గేర్లున్న 29 తీసుకోండి. కారణం గుంతలు కాదు, 622. హైబ్రిడ్ సైకిళ్ల 700సీ టైర్లూ అదే కొలత కాబట్టి, గుబ్బల టైర్లు అరిగాక రిమ్ము వెడల్పు చూసుకుని 38, 40 మిల్లీమీటర్ల నున్నటి టైర్లు వేయించొచ్చు. సైకిల్ ఒక్కసారిగా తేలికైపోతుంది. 27.5కి నున్నటి టైర్లు ఉన్నాయి గానీ అంత సులువుగా దొరకవు. ఒక చిక్కు చెప్పాలి. 29 పొడుగు సైకిల్. అపార్ట్‌మెంట్ లిఫ్టులో వెనక చక్రం మీద నిలబెడితే తప్ప పట్టకపోవచ్చు.

ఎత్తు ఐదడుగుల రెండు, మూడంగుళాల లోపు ఉన్నవాళ్లు, అమ్మాయిలైనా అబ్బాయిలైనా, ఎవరు ఏం చెప్పినా ముందు సైకిల్ మీద కాళ్లు రెండు పక్కలా వేసి నిలబడి చూడండి. పైగొట్టానికీ మీకూ మధ్య రెండంగుళాల జాగా లేకపోతే ఆ సైకిల్ మీది కాదు. మన దగ్గర చవక మోడళ్లు చాలావరకు ఒకే ఫ్రేము సైజులో వస్తాయి. కాబట్టి చిన్న ఫ్రేములో దొరికే 27.5 గానీ 26 గానీ మేలు. నడిరోడ్డు మీద లారీ హారన్‌కి ఉలిక్కిపడి కాలు కింద పెట్టాల్సి వచ్చినప్పుడు ట్రెండు ఏదీ గుర్తుకురాదు. కాలు నేలకి అందిందా లేదా అన్నదే లెక్క.

సైకిల్ మీద డెలివరీలు చేసేవాళ్లకి, నాచారంలో షిఫ్టులకి వెళ్లేవాళ్లకి నా ఓటు 26కే. 26 x 1.95 ట్యూబు లేని షాపు ఈ చుట్టుపక్కల ఉండటం కష్టం. పుల్లలు తెగినా, రిమ్ము బెండు తీయాలన్నా గల్లీ మెకానిక్ చేతికి అలవాటైన చక్రమది. చిన్న చక్రం కాబట్టి అదే పుల్లలతో గట్టిగానూ ఉంటుంది. ఒక పూట సైకిల్ ఆగితే ఆ పూట సంపాదన ఆగేవాళ్లకి ఇంతకన్నా పెద్ద లాభం ఏ కేటలాగులోనూ లేదు.

మట్టిదారుల సరదా ఉన్నవాళ్లు, ఓయూ క్యాంపస్ చెట్ల మధ్య బాటల్లోనో, ఊరవతల గుట్టల పక్కనో వారానికోసారి తిరిగేవాళ్లు, చక్రం గురించి ఆఖర్న ఆలోచించండి. ముందు బ్రేకులు, తర్వాత టైరు పట్టు, తర్వాత ఫోర్కు. అవి బాగుంటే 27.5 అయినా 29 అయినా మజానే.

పాత 26 సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఇది బంగారం లాంటి కాలం. పదేళ్ల కిందట పాతిక, ముప్పై వేలు పెట్టి కొన్న అల్యూమినియం ఫ్రేము సైకిళ్లని ‘పాత సైజు’ అని చాలా తక్కువకి ఇచ్చేస్తున్నారు. వెళ్లినప్పుడు చక్రం గాల్లోకి ఎత్తి తిప్పండి, బ్రేకు ప్యాడ్ల మధ్య పాములా ఊగుతుందేమో చూడండి. ఫ్రేము అతుకుల దగ్గర పెయింటు కింద సన్నటి గీత కనిపిస్తే వదిలేయండి. ముందు ఫోర్కు నొక్కి చూడండి, నూనె కారుతున్నా బిగుసుకుపోయినా ధర తగ్గించమనండి. 26కి మంచి ఫోర్కు ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం. టైర్లు పగుళ్లిచ్చాయా, పర్వాలేదు. అవి మాత్రం నాచారంలోనే దొరుకుతాయి.